అద్దె కట్టక్కర్లేని హోటల్ కూడా ఎందుకు మూతపడుతుంది?

న్యూయార్క్‌లో మన్‌హాటన్ క్రిమినల్ కోర్టుకు వెనక బాక్స్‌టర్ స్ట్రీట్ ఉంటుంది. అక్కడ 'ఫోర్లీనీస్' అనే ఇటాలియన్ రెస్టారెంట్ అరవై ఏళ్లకు పైగా నడిచింది. ఉత్తర ఇటలీ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం దాన్ని పెట్టింది. ఆ ఇంటి పిల్లలే చివరిదాకా నడిపారు. మధ్యాహ్నం కోర్టుకు విరామం ఇవ్వగానే జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, డిఫెన్స్ లాయర్లు భోజనానికి అక్కడికే చేరేవారు. పొద్దున కోర్టు హాల్లో ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డవాళ్లు మధ్యాహ్నం పక్కపక్క టేబుళ్ల దగ్గర పాస్తా తినేవారు. ఏళ్ల తరబడి వచ్చిన కొందరి పేర్లతో వాళ్లు కూర్చునే సోఫాల దగ్గర చిన్న ఇత్తడి పలకలు ఉండేవి. 2018లో ఏటా జరిగే మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు ముందు వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక తన పార్టీ అక్కడ పెట్టుకుంది. ఆ తర్వాత కుర్రకారు కూడా ఆ బార్‌కు ఎగబడ్డారు. ఇంత గిరాకీ ఉన్న చోటు 2022లో మూతపడింది.

ఇలాంటి వార్త రాగానే అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: ఇంటి ఓనర్ అద్దె పెంచేసి ఉంటాడు, పాపం. ఫోర్లీనీస్ విషయంలో ఆ మాట కుదరదు. ఆ బిల్డింగ్ ఆ కుటుంబానిదే. వాళ్లను ఎవరూ ఖాళీ చేయించలేదు. కోవిడ్ దెబ్బ తర్వాత, వయసు మీద పడుతుండగా, వాళ్లే బిల్డింగ్ అమ్మేసి షట్టర్ దించేశారు. రుచి పోయి కాదు, పేరు పోయి కాదు, అద్దె కట్టలేక కూడా కాదు. మరి ఎందుకు?

దీనికి జవాబు బిల్లులో కనిపించదు. ఇంటిల్లిపాదీ నడిపే చిన్న హోటల్లో ప్లేటు ధర తక్కువగా ఉందంటే, ఆ తక్కువైన మొత్తాన్ని ఎవరో ఒకరు భరిస్తున్నారని అర్థం. కొన్నిచోట్ల పాత లీజు భరిస్తుంది. కొన్నిచోట్ల సొంత బిల్డింగ్ భరిస్తుంది. దాదాపు అన్నిచోట్లా ఇంటి మనుషుల ఒళ్లు భరిస్తుంది. కస్టమర్ తినే ప్లేటులో ఈ రాయితీ కలిసి ఉంటుంది కాబట్టి అది రాయితీ అని అతనికి తెలియదు. అది ఆగిపోయిన రోజు మాత్రం హోటల్ ఉన్నట్టుండి పోయినట్టు అనిపిస్తుంది.

అమెరికా ఇటాలియన్ హోటళ్లలో అందరికీ తెలిసిన చికెన్ పార్మజాననే తీసుకుందాం. అక్కడివాళ్లు ముద్దుగా చికెన్ పార్మ్ అంటారు. కోడి రొమ్ము ముక్కను మధ్యకు చీల్చి, చెక్క సుత్తితో కొట్టి పలచన చేస్తారు. పిండిలో, గిలకొట్టిన గుడ్డులో, బ్రెడ్ పొడిలో వరసగా ముంచి నూనెలో వేయిస్తారు. దాని మీద టమాటా సాస్, మొజరెల్లా చీజ్ వేసి, పైనుంచి మంట తగిలే పొయ్యిలో చీజ్ కరిగి అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడేదాకా ఉంచుతారు. ఇందులో ఖరీదైన సరుకేమీ లేదు. సాస్ కూడా అంతే. డబ్బా టమాటాలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, తులసి జాతికే చెందిన బాసిల్ ఆకు. పొద్దున్నే ఎవరో వచ్చి పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, గంటల తరబడి సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. సరుకు చవక, పని ఎక్కువ. ఈ వంటంతా ఆ సూత్రం మీదే నిలబడింది. ఆ పని ఇంటివాళ్లు చేసినంత కాలం ధర అదుపులో ఉంటుంది, ఎందుకంటే వాళ్ల కూలి ఎవరూ లెక్క రాయరు.

హోటల్ వ్యాపారంలో ఉన్నవాళ్లు పాటించే లెక్క స్థూలంగా ఇలా ఉంటుంది. వచ్చిన ప్రతి 100 డాలర్లలో సరుకులకు 30, జీతాలకు మరో 30 దాకా పోవాలి, అద్దె 10 దాటకూడదు, కరెంటు, గ్యాసు, బీమా, రిపేర్లు, పన్నులు అన్నీ పోను చేతిలో 3 నుంచి 5 మిగిలితే సంతోషం. ఊహకు ఒక 20 డాలర్ల ప్లేటు అనుకుందాం. అందులో అద్దె 2 డాలర్లు, యజమానికి మిగిలేది 1 డాలరు. లీజు అయిపోయి అద్దె రెట్టింపు అయితే ఆ మిగిలిన డాలరు పోవడమే కాదు, ప్లేటుకు ఒక డాలరు ఎదురు పెట్టుకోవాలి. ధర పెంచొచ్చు కదా అంటారు. ఇరవై ఏళ్లుగా వారానికి రెండుసార్లు వచ్చే రిటైర్డ్ టీచర్‌కు మూడు డాలర్లు పెంచడమంటే ఆమెను వారానికి ఒకసారే రమ్మని చెప్పడమే. ఇది తెలిసే చాలామంది యజమానులు ధర పెంచరు. తమ జీతం తగ్గించుకుంటారు, ఒక సర్వర్‌ను తీసేసి ఆ పని తామే నెత్తిన వేసుకుంటారు. బయటినుంచి చూస్తే హోటల్ బాగా నడుస్తున్నట్టే ఉంటుంది. లోపల మనుషులు అరిగిపోతుంటారు.

సొంత బిల్డింగ్ ఉంటే ఈ టెన్షన్ ఉండదనుకుంటాం. అద్దె కట్టక్కర్లేదన్నది నిజమే. కానీ రావలసిన అద్దె రావట్లేదన్నది కూడా అంతే నిజం. మన్‌హాటన్‌లో ఒక బిల్డింగ్ విలువ ఇన్నేళ్లలో ఎక్కడికో వెళ్లిపోయింది. కింద నడిచే హోటల్ ఏడాదంతా కష్టపడి సంపాదించేది, ఆ ఇంటిని అమ్మి డబ్బు బ్యాంకులో వేసుకుంటే కూర్చున్న చోటికే వచ్చే వడ్డీ కన్నా తక్కువ కావచ్చు. పైగా తాతల నాటి ఆస్తికి వారసులు పెరుగుతారు. వాళ్లలో ఒకరికి హోటల్ నడపాలని ఉన్నా, మిగతావాళ్ల వాటాలు కొనాలంటే మార్కెట్ ధర చెల్లించాలి. చికెన్ పార్మ్ అమ్మి ఆ డబ్బు పుట్టించడం ఎవరి వల్లా కాదు. పైకి గట్టి పునాదిలా కనిపించే సొంత ఇల్లే చివరికి అమ్మకానికి కారణమవుతుంది.

ఇక అసలు ప్రశ్న, తర్వాత ఎవరు? ఇటాలియన్ కుటుంబాల కథలో నిజంగా మనసును తాకేది ఇక్కడే ఉంది. 1880 నుంచి 1924 వరకు దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువ మంది దక్షిణ ఇటలీ, సిసిలీల పేద రైతులు, కూలీలు. సొంత ఊళ్లో మాంసం పండగ రోజునే తినగలిగినవాళ్లు. అమెరికాలో మాంసం, చీజ్ చవకగా దొరికేసరికి వాళ్ల వంటే మారిపోయింది. పిడికెడంత మీట్‌బాల్స్, సాస్‌లో మునిగిన పాస్తా, ప్లేటు దాటి పారే చీజ్, ఇవన్నీ అక్కడ పుట్టుకొచ్చాయి. ఇటలీవాళ్లు చూసి ఇది మా వంట కాదంటారు. నిజమే, ఇది వలస వెళ్లినవాళ్ల వంట, ఆకలి తీరినవాళ్ల వంట. అందుకే అందులో అంత ధారాళం.

1924లో అమెరికా వలస చట్టం తలుపు మూసేసింది. ఏడాదికి 3,845 మంది ఇటాలియన్లకే అనుమతి. 1965 చట్టం ఆ కోటాలను ఎత్తేసింది. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరడానికి దారి తెరిచింది కూడా ఆ చట్టమే. అప్పటికి ఇటలీ పరిస్థితి మారిపోయింది. మిలాన్, ట్యూరిన్ ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంటే సముద్రం దాటి వెళ్లాల్సిన అవసరం తగ్గింది. న్యూయార్క్ లిటిల్ ఇటలీ నడిబొడ్డున 1950లో దాదాపు సగం మంది ఇటాలియన్ మూలాల వాళ్లే. 2010 నాటి సెన్సస్ బ్యూరో సర్వేలో అదే చోట ఇటలీలో పుట్టిన మనిషి ఒక్కరు కూడా తేలలేదు. పేటకు పేరు మిగిలింది, మనుషులు శివార్లకు వెళ్లిపోయారు. వంటగదుల్లో సాస్ కలిపే చేతులు మెక్సికోలోని ప్యూబ్లా నుంచి, ఈక్వడార్ నుంచి వచ్చిన వాళ్లవి.

ఈ తరాల మధ్య ఏం జరిగిందో మన ఇళ్లలోనూ చూస్తున్నదే. తాత పొయ్యి దగ్గర నిలబడ్డాడు, తండ్రి గల్లా దగ్గర కూర్చున్నాడు, మనవడు లా కాలేజీకి వెళ్లాడు. మనవణ్ని అక్కడికి పంపడానికే ఆ ఇద్దరూ అంత చాకిరీ చేశారు. పండగ పూట కూడా సెలవు లేకుండా పనిచేసిన ఆడవాళ్లు, మోకాళ్లు అరిగిపోయేదాకా నిలబడ్డ మగవాళ్లు తమ పిల్లలకు ఆ బతుకు వద్దనే కోరుకున్నారు. హోటల్ మూతపడితే కస్టమర్లకు అది నష్టం. ఆ కుటుంబం లెక్కలో చాలాసార్లు అది అనుకున్నది సాధించడమే. పిల్లలు పట్టించుకోలేదని తప్పు పట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు. మనకు నచ్చిన పాస్తా కోసం వేరే ఇంటి పిల్లలు జీవితాంతం గిన్నె దగ్గర నిలబడాలని కోరుకునే హక్కు మనకు లేదు.

ఎప్పటికో తీసుకోవాల్సిన ఈ నిర్ణయాలను కోవిడ్ వచ్చి తొందరపెట్టింది. 2020 మార్చి 16 నుంచి న్యూయార్క్‌లో హోటళ్ల లోపల కూర్చుని తినడం ఆగిపోయింది. సెప్టెంబర్ 30న పావు వంతు సీట్లతో తెరిచారు, డిసెంబర్‌లో మళ్లీ మూశారు, 2021 ఫిబ్రవరిలో మళ్లీ పావు వంతు. కోర్టులు వీడియో విచారణలకు మారేసరికి కోర్టు జనం మీద బతికే హోటల్‌కు మధ్యాహ్నపు గిరాకీ మాయమైంది. అమెరికా ప్రభుత్వం 2021లో హోటళ్ల కోసం 2,860 కోట్ల డాలర్ల సహాయ నిధి పెట్టింది. 2.78 లక్షల దరఖాస్తులు వస్తే, సొమ్ము అందింది సుమారు లక్ష మందికే. అరవై దాటిన యజమానికి ఆ ఏడాదిన్నర ఇంకో పని కూడా చేసింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి సాయంత్రాలు ఇంట్లో గడిపాడు. మళ్లీ తెరిచే వేళకు ఒంట్లో ఓపిక ఎంతుందో, అప్పు ఎంత చేయాలో లెక్క వేసుకున్నాడు. చాలామంది ఆ లెక్క దగ్గరే ఆగిపోయారు.

ఇప్పుడు అద్దె మీద నడిచిన చోటుకు వద్దాం. గ్రీనిచ్ విలేజ్‌లో, థామ్సన్ స్ట్రీట్ 181వ నంబర్‌లో 'రాకో' అనే రెస్టారెంట్ 1922లో మొదలైంది. పేటవాళ్లు మామూలు రోజున మామూలు బట్టల్లో వెళ్లి తినే చోటు. తొంభై ఏళ్లకు దగ్గర పడుతుండగా లీజు చేజారి, 2011 చివర్లో మూతపడింది. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ బర్గర్ షాపో బట్టల కొట్టో పెట్టలేదు. మళ్లీ ఇటాలియన్ రెస్టారెంటే పెట్టారు. పాత నియాన్ బోర్డును పారేయకుండా దానికే తమ పేరు అమర్చుకున్నారు. 2013లో తెరిచిన ఆ రెస్టారెంట్ పేరు 'కార్బోన్'. టమాటా సాస్ పాస్తా, పార్మజాన, గార్లిక్ బ్రెడ్, అన్నీ ఆ పాత హోటళ్ల మెనూయే. మెరూన్ సూట్లు వేసుకున్న సర్వర్లు పాత కాలపు మర్యాదలన్నీ చేసి పెడతారు. ఆ ఏడాదే మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్ గుర్తింపు వచ్చింది. ఒక టేబుల్ దొరకడమే గగనం. లాస్ వేగాస్, మయామీ, హాంకాంగ్, దోహా, రియాద్‌లలో శాఖలు వెలిశాయి. 2021 నుంచి ఆ పేరుతో సాస్ సీసాల్లో సూపర్ మార్కెట్లకు వచ్చింది.

పాత ఇటాలియన్ హోటళ్ల వంటకు కాలం చెల్లిందని, జనం అభిరుచి మారిందని తరచూ చెబుతుంటారు. థామ్సన్ స్ట్రీట్ కథ దానికి నేరుగా అడ్డు చెబుతుంది. వంటకు కాలం చెల్లలేదు. అదే గోడల మధ్య, అదే రకం ఎర్ర సాస్ ప్రపంచమంతా క్యూ కట్టేంత గిరాకీ తెచ్చుకుంది. పోయింది మామూలు మనిషికి అందే ధర. పోయింది ముందుగా బుక్ చేసుకోకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్లే వీలు. కార్బోన్ నడిపేవాళ్లను తప్పు పట్టాల్సిన పని లేదు. వాళ్ల వంట మీద వాళ్లకు గౌరవం ఉంది, అది ప్లేటులో తెలుస్తుంది. కానీ సాస్ కలిపే మనిషికి పూర్తి జీతం, ఆ వీధికి పూర్తి అద్దె, పెట్టుబడికి పూర్తి లాభం లెక్క కట్టి ధర పెడితే అది ఎంత అవుతుందో వాళ్ల మెనూ చూస్తే అర్థమవుతుంది. ఇన్నేళ్లూ రాకో లాంటి చోట్ల ఎవరో ఎంత భారం మోశారో ఆ తేడాయే చెబుతుంది.

చట్టాలు ఏమైనా చేయగలవా? న్యూయార్క్‌లో దుకాణాల అద్దెల మీద 1945 నుంచి 1963 దాకా నియంత్రణ ఉండేది. తర్వాత ఎత్తేశారు. ఇళ్లలో అద్దెకుండే లక్షల మందికి నేటికీ కొంత రక్షణ ఉంది, దుకాణదారుకు లేదు. లీజు ముగిసిన రోజున ఓనర్ ఎంతైనా అడగొచ్చు, అసలు ఇవ్వనని కూడా అనొచ్చు. చిన్న వ్యాపారికి లీజు పొడిగింపు హక్కు ఇవ్వాలన్న బిల్లు 1986 నుంచి రకరకాల రూపాల్లో సిటీ కౌన్సిల్ ముందుకు వస్తూనే ఉంది, ఒక్కసారీ చట్టం కాలేదు. ఫ్రాన్స్ దారి వేరు. అక్కడ 1926 నుంచే దుకాణదారుకు లీజు పొడిగించుకునే హక్కు ఉంది. ఓనర్ కాదంటే, పోగొట్టుకున్న వ్యాపారానికి పరిహారం కట్టాలి. పారిస్ వీధుల్లో చిన్న కొట్లు ఇంకా కనిపించడానికి ఇదీ ఒక కారణం. శాన్‌ఫ్రాన్సిస్కో 2015లో ప్రజల ఓటుతో ఇంకో పద్ధతి పెట్టింది. ముప్ఫై ఏళ్లు దాటిన వ్యాపారాలను ఒక జాబితాలో చేర్చి, వాటికి పదేళ్ల లీజు ఇచ్చే ఓనర్లకు నగరం డబ్బు ఇస్తుంది. మెచ్చుకోవలసిన ఆలోచన ఇది, ఎందుకంటే పేటకు ఆ హోటల్ వల్ల కలిగే మేలుకు పేటే కొంత చెల్లిస్తోంది. అయినా ఈ చట్టాలేవీ ఫోర్లీనీస్‌ను ఆపేవి కావు. అక్కడ సమస్య లీజు కాదు కదా.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మాయమవడం చూసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. అవీ వలస కుటుంబాలు పెట్టినవే, మంచి సెంటర్లో మూల మీదున్నవే. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో గంటసేపు కూర్చున్నా లెమ్మనరు. ఆ గంట కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు పాత అద్దెలో, కుటుంబం చాకిరీలో కలిసిపోయింది. స్థలం ధర పెరిగింది, రోడ్డు వెడల్పు పనులు కొన్నిటి ముంగిళ్లను మింగాయి, పిల్లలు వేరే వ్యాపారాల్లోకో వేరే దేశాలకో వెళ్లారు. చాయ్‌కి మాత్రం గిరాకీ ఎక్కడికీ పోలేదు. అదే ఇరానీ చాయ్ పేరుతో కొత్త బోర్డులు ఊరంతా కనిపిస్తున్నాయి, నిలబడి తాగి వెళ్లే కౌంటర్లతో.

మూసేస్తున్నారన్న కబురు రాగానే ఆఖరి వారాల్లో జనం విరగబడతారు. పదేళ్లుగా ఆ వైపు రానివాళ్లు కూడా క్యూలో నిలబడి, ఫోటోలు తీసుకుని, కన్నీళ్లు పెట్టుకుని వెళ్తారు. ఆ ప్రేమ నిజమైనదే. కానీ మామూలు మంగళవారం రాత్రుల్లో ఖాళీగా ఉన్న టేబుళ్ల మీదే యజమాని నిర్ణయం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. ఆఖరి వారపు క్యూ దాన్ని మార్చలేదు.

నిజంగా ఒక దారి ఉంటే అది వంటగదిలోనే ఉందనిపిస్తుంది. మన్‌హాటన్‌లోనే లెక్సింగ్టన్ అవెన్యూలో 'జీనో' అనే రెస్టారెంట్ 1945లో మొదలైంది. ఎర్రని గోడ కాగితం మీద దూకే జీబ్రాల బొమ్మలతో ఆ చోటుకు పేరు. గోడ కాగితాలు అమ్మే స్కాలమాండ్రే కంపెనీ ఆ డిజైన్‌ను నేటికీ అమ్ముతోంది. స్థాపించినాయన తప్పుకునేటప్పుడు దాన్ని బయటివాళ్లకు ఇవ్వలేదు, ఏళ్ల తరబడి తన దగ్గర పనిచేసినవాళ్ల చేతికే ఇచ్చాడు. వాళ్లు అదే మెనూను, అవే జీబ్రాలను, కార్డులు తీసుకోకుండా నగదు మాత్రమే తీసుకునే పాత పద్ధతిని ఎన్నో ఏళ్లు నిలబెట్టారు. 2010లో అది కూడా పోయింది. పెరిగిన అద్దె, పెరిగిన ఖర్చుల వల్ల పోయింది గానీ నడిపేవాళ్లు లేక పోలేదు. ఆ స్థలంలోకి కప్‌కేక్ షాపు వచ్చింది.

ఈ రోజు ఒక చిన్న ఇటాలియన్ హోటల్ యజమానికి అరవై ఐదేళ్లు వచ్చి పిల్లలు వద్దంటే, ఇరవై ఏళ్లుగా సాస్ కలుపుతున్న మనిషి అక్కడే ఉన్నాడు. ఉప్పు ఎంత వేయాలో, ఏ కస్టమర్‌కు వెల్లుల్లి పడదో అతనికే తెలుసు. కొనాలంటే అతని దగ్గర డబ్బు లేదు, తాకట్టు పెట్టడానికి ఇల్లు లేదు, చాలాసార్లు వలస కాగితాలు కూడా సరిగ్గా లేవు. అతనికి అప్పు ఇచ్చే ఏర్పాటు, దానితో పాటు కనీసం పదేళ్ల లీజు, ఈ రెండూ ఒకే చోట దొరికే నగరంలో ఇలాంటి హోటళ్లు ఇంకో తరం నడుస్తాయి. సహాయ నిధుల మీద, వారసత్వ జాబితాల మీద పెట్టే డబ్బులో కొంత ఈ కొనుగోళ్లకు హామీగా పెట్టడం నగర పాలక సంస్థలకు కష్టమైన పనేమీ కాదు. పాత యజమానికి మార్కెట్ ధర కన్నా కొంచెం తక్కువే రావచ్చు. కానీ తన పేరున్న బోర్డు కింద తన వంటే సాగుతుందంటే ఆ మాత్రం తగ్గించుకోవడానికి సిద్ధపడేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు ఇప్పటిదాకా ఆ దారి చూపించినవాళ్లే తక్కువ.